పాడుబడ్డ ట్రెయిల్‌ని సైకిళ్ళకి తెరిపించడం: నా అనుభవం

కాలిఫోర్నియాలో శాన్ హోసే తూర్పు కొండల్లో ఒక పార్కు. పేరు ఇక్కడ అనవసరం. అందులో రెండు మైళ్ళకి కాస్త తక్కువగా ఒక సన్నబాట ఉంది. మొదట్లోనే బోర్డు, బోర్డు మీద సైకిలు బొమ్మ, దాని మీద ఎర్రగీత. ఎందుకు ఆపారంటే పార్కు వాళ్ళు మట్టి కొట్టుకుపోతోందంటారు, నడిచేవాళ్ళు సైకిళ్ళు మీద పడతాయని భయమంటారు, సైకిళ్ళ వాళ్ళు మా మీద పక్షపాతమంటారు. ఆ బాటకి ఏళ్ళ తరబడి పలుగూ పారా తగల్లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. వాలంటీర్ల బృందంలో ఉండి ఆ బాటని కొలిచి, బాగుచేసి, సైకిళ్ళకి అనుమతి అడిగే అర్జీ నడిపించిన క్రమం ఇది. ఇలాంటి పని తలకెత్తుకునేవాళ్ళకి కొలతలతో సహా రాస్తున్నాను.

ఈ తగువు పుట్టిల్లు గోల్డెన్ గేట్ వంతెన దాటగానే వచ్చే మరిన్ కౌంటీ. 1976 అక్టోబరులో ఫెయిర్‌ఫాక్స్ ఊరి పక్క కొండ మీంచి కొందరు పాత బరువు సైకిళ్ళ మీద పందెం పెట్టుకుని దిగారు. రెండు మైళ్ళు కూడా లేని దారిలో 1,300 అడుగుల దిగుడు. వెనక చక్రం హబ్బులో ఉండే బ్రేకు కాగిపోయి గ్రీజంతా పొగైపోయేది. ప్రతి దిగుడు తర్వాతా కొత్త గ్రీజు కూరాల్సి రావడంతో ఆ దారికి రీప్యాక్ అన్న పేరు వచ్చింది. తర్వాత అదే మరిన్‌లో టామల్‌పాయిస్ కొండ మీది సన్నబాటలు సైకిళ్ళకి మూసి, అగ్నిమాపక బళ్ళు తిరిగే వెడల్పు మట్టిరోడ్లు మాత్రం వదిలారు. గంటకి 15 మైళ్ళ వేగం, మనిషిని దాటేటప్పుడు 5 అన్న నియమం ఇప్పుడు బే ఏరియా పార్కుల్లో చాలా చోట్ల కనిపిస్తుంది.

అన్నిటికన్నా ముందు నేల ఎవరిదో చూడండి. చట్టప్రకారం వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవి అయితే ఎంత బాగుచేసినా సైకిలు రాదు. 1964 నాటి ఫెడరల్ చట్టం యాంత్రిక రవాణాని నిషేధించింది, ఆ మాటలో సైకిలు కూడా ఉందని ఫారెస్ట్ సర్వీసు 1984లో నియమాల్లో స్పష్టం చేసింది. హెన్రీ కో స్టేట్ పార్కులోని ఒరెస్టింబా భాగం రాష్ట్ర వైల్డర్‌నెస్, అక్కడా సైకిళ్ళు లేవు. మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా పోయే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ సైకిళ్ళకి 1988 నుంచి పూర్తిగా మూసే ఉంది. ఇలాంటి చోట్ల పార్కు ఆఫీసు చుట్టూ తిరగడం దండగ. మా బాట ఉన్నది మామూలు పార్కు నేల కాబట్టి అర్జీకి అర్థం ఉంది.

ఆ తర్వాత సంగతి డబ్బు. పార్కులు బాటలు వేసినంత తేలిగ్గా వాటిని నిలబెట్టుకోలేవు. 2012 ఆర్థిక సంవత్సరంలో ఫారెస్ట్ సర్వీసు తన 1,58,000 మైళ్ళ బాటల్లో ఎంతో కొంత మరమ్మతు చెయ్యగలిగింది 37 శాతానికే అని ఫెడరల్ ఆడిట్ సంస్థ 2013లో లెక్క తేల్చింది. ప్రమాణాలకి తగ్గట్టు ఉన్నవి పాతిక శాతం. కాలిఫోర్నియాలో అయితే 2011లో మూసేస్తామన్న 70 స్టేట్ పార్కుల జాబితాలో హెన్రీ కో కూడా ఉంది. దాతలూ వాలంటీర్లూ పూనుకుని దాన్ని నిలబెట్టారు. మరుసటి ఏడాది అదే పార్కుల శాఖ దగ్గర లెక్కల్లోకి ఎక్కని 5 కోట్ల డాలర్ల పైచిలుకు బయటపడింది. పార్కుల వాళ్ళు నిధుల్లేవన్నప్పుడు అనుమానంగా చూసే అలవాటు ఇక్కడి పాత వాలంటీర్లకి అప్పటిదే. ఏమైనా, జీతం తీసుకునే మనిషి వచ్చి మీ బాట బాగుచేస్తాడని కూర్చుంటే బాట ఉండదు.

ఇక కొలత. వాన వెలిసిన మర్నాడు వెళ్ళాలి. ఎండాకాలంలో ఏ బాటైనా బాగానే కనిపిస్తుంది. వాన తర్వాతైతే నీళ్ళు ఎక్కడ ఎక్కాయో, ఎక్కడ దిగలేక బాట పట్టుకుని పారాయో, ఎక్కడ నిలిచాయో మట్టే చూపిస్తుంది. కావలసినవి: వాలు కొలిచే క్లైనోమీటరు, కొలత చక్రం, చిన్న చిన్న జెండా పుల్లలు, టేపు, నోటుబుక్కు. వంద అడుగులకి ఒకసారి ఆగి ఐదు సంగతులు రాసుకోవాలి. బాట వాలు, కొండ పక్కవాలు, బాట వెడల్పు, నడిమి గుంట లోతు, ఎదర ఎంత దూరం కనిపిస్తోంది.

క్లైనోమీటరుతో కొత్తవాళ్ళు బోల్తాపడేది ఒకే చోట. సుంటో కంపెనీ పరికరంలో చూస్తే రెండు స్కేళ్ళు కనిపిస్తాయి, ఎడమది డిగ్రీలు, కుడిది శాతం. డిగ్రీలు చదివి శాతమని రాసుకుంటే లెక్కంతా తలకిందులు. 10 డిగ్రీలంటే దాదాపు 18 శాతం. ఇంకొకటి, ఇద్దరి ఎత్తులూ ఒకటి కావు కదా. ముందు సమనేల మీద నిలబడి, పరికరం సున్నా చూపినప్పుడు అవతలి మనిషి ముఖంలో మీ చూపు ఎక్కడ తగులుతుందో, గడ్డమో ముక్కో, గుర్తుపెట్టుకోవాలి. వాలు మీద కూడా చూపు అక్కడికే పెట్టాలి.

ఈ అంకెల్ని తూచే సూత్రాలు రెండే. బాట వాలు కొండ పక్కవాలులో సగం మించకూడదు. కొండ 16 శాతమైతే బాటకి 8 హద్దు. అది దాటితే నీళ్ళకి బాట అడ్డంగా దాటే కంటే బాట పట్టుకుని పోవడమే సుఖం. రెండోది, మొత్తం మీద సగటు 10 శాతం దాటకూడదు. దీనికి తోడు కొత్తవాళ్ళు ఊహించనిది ఒకటుంది: చదును నేల మీది బాట ఏటవాలు బాట కంటే అధ్వాన్నం. నీళ్ళకి దిగే దారి లేక నిలుస్తాయి, బురద తప్పించుకోడానికి జనం పక్కనుంచి నడుస్తారు, నాలుగడుగుల బాట పదిహేనడుగులవుతుంది.

మా బాటలో ఎక్కువ భాగం 6 నుంచి 9 శాతం. మధ్యలో దాదాపు 300 అడుగుల ముక్క మాత్రం కొండ మీంచి సూటిగా 18 శాతం దిగుతోంది, నడుమ అడుగున్నర లోతు కాలవ. ఆ కాలవని చూపించే సైకిళ్ళు వద్దన్నారు. సైకిళ్ళు మూసి ఏళ్ళయిన బాటలో ఆ కాలవ ఏటేటా లోతవుతోందంటే చక్రాలని తిట్టి లాభమేమిటి? ఫ్రీమాంట్‌లో మిషన్ పీక్ ఎక్కే మనవాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది. అక్కడ గుట్ట మీద అడ్డదారులన్నీ బట్టతలలైపోయింది కాళ్ళ వల్లే. 1994లో మోంటానాలో విల్సన్, సెనీ అనే ఇద్దరు తడిపిన బాటల మీద చేసిన పరీక్షలో గుర్రాలూ మనుషులూ చక్రాల కంటే ఎక్కువ మట్టి వదులు చేశాయి. 2001లో ఒంటారియోలో థర్‌స్టన్, రీడర్ చేసిన పరీక్షలో మొక్కలకీ నేలకీ జరిగే నష్టంలో నడకకీ సైకిలుకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అయితే సైకిళ్ళ వాళ్ళు ఈ రెండు కాగితాలూ ఊపుతూ మీటింగుకి వెళ్ళడం నాకు నచ్చదు. ఆ పరీక్షల్లో వెనక చక్రం బిగబట్టి ఈడ్చుకుంటూ మలుపు తిరిగే కుర్రాడు లేడు. దిగుడులో అలా జారిన చక్రం గీసే గాడి వచ్చే వానకి కాలవ అవుతుంది. నీళ్ళు ఎవరి గాడినైనా వాడుకుంటాయి.

పని మొదలయ్యేది పొదలతో. నడిచేవాళ్ళకీ సైకిళ్ళకీ వెడల్పు ఆరడుగులు, ఎత్తు ఎనిమిది అడుగులు ఖాళీ ఉంటే చాలు, గుర్రాలు తిరిగే చోట ఎత్తు పదడుగులు కావాలి. కొమ్మని నేలమట్టానికి లేదా కాండం మొదటికి కొయ్యాలి. ఏటవాలుగా వదిలిన మోడు పడ్డవాడి కడుపులో దిగుతుంది. కోసిన కొమ్మల్ని పల్లం వైపు, మొదలు బాటకి కనబడకుండా విసరాలి. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా పక్షులు గూళ్ళు పెట్టే కాలం, పొదలు కొట్టడానికి పార్కులు ఒప్పుకోవు. కాబట్టి కోత శరత్కాలంలోనే ముగించాలి.

పాయిజన్ ఓక్ గురించి మనవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు: అది జీడి కుటుంబం. చాకలివాళ్ళు బట్టలకి గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటికంటితే ఎలా పొక్కుతుందో ఇదీ అంతే, రెండిట్లోనూ ఉన్నది ఒకే జాతి నూనె. మూడాకుల గుత్తి కనబడితే సరే, చలికాలంలో ఆకులు రాలి ఉత్త పుల్లగా ఉన్నప్పుడే ఎక్కువమంది పట్టుకుంటారు. పని అయ్యాక చల్లనీళ్ళతో సబ్బు పెట్టి రుద్ది కడగాలి. పనిముట్ల పిడులకీ బూటు లేసులకీ అంటిన నూనె నెలల తరబడి పోదు.

పనిముట్లలో ముఖ్యమైనవి రెండు. మెక్‌లౌడ్‌కి ఒక పక్క పళ్ళు, ఇంకో పక్క వెడల్పు పార. పులాస్కీకి ఒక పక్క గొడ్డలి, ఇంకో పక్క తవ్వే బాడిస. బండలకి గడ్డపార ఎలాగూ కావాలి. నడిచేటప్పుడు పనిముట్టు పల్లం వైపు చేతిలో, భుజం మీద కాకుండా కిందికి పట్టుకోవాలి, మనిషికీ మనిషికీ పదడుగుల ఎడం. వేరే కొండలో పనిచేసొచ్చిన రోజైతే బూట్ల మట్టి గీకి, పనిముట్లు 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి. ఓక్ చెట్లని చంపే తెగులు ఆ మట్టిలోనే ప్రయాణిస్తుంది.

మట్టిపనికి కాలం చలికాలమూ వసంతమూ. పిడికిట్లో బిగిస్తే మట్టి ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. వేసవిలో ఇక్కడి నేల పైన పిండి, కింద రాయి, ఎంత దిమ్మిస చేసినా కూర్చోదు. పైగా ఎండుగడ్డిలో ఇనుము రాయికి తగిలి నిప్పురవ్వ లేస్తే కొండ అంటుకుంటుంది.

పాత బాటకి పల్లం వైపు అంచున మట్టి పేరుకుని గట్టు కట్టి ఉంటుంది. బాట తొట్టిలా తయారవడానికి అదే కారణం. ఆ గట్టు తీసేసి, బాటని బయటికి 5 శాతం వాల్చాలి. నాలుగడుగుల వెడల్పుకి రెండున్నర అంగుళాల తేడా. కంటికి చదునుగానే కనబడుతుంది, నీళ్ళకి మాత్రం చాలు. కొత్తవాళ్ళు ఇక్కడ రెండు రకాలుగా చెడగొడతారు. గట్టు తీసిన మట్టిని, వేళ్ళూ ఆకుల చెత్తతో సహా, నడుమ గుంటలో పోసి తొక్కుతారు. చెత్త కుళ్ళి మళ్ళీ గుంటే. లేకపోతే అంచు పక్కనే కుప్ప వదిలేస్తారు, అది కొత్త గట్టు. చెత్త మట్టిని దూరంగా పల్చగా వెదజల్లాలి, నింపడానికి శుభ్రమైన అడుగు మట్టే వాడాలి.

ఆ వాలు తొక్కిడికి ఎలాగూ చెదురుతుంది. అందుకే అక్కడక్కడ నీళ్ళు తప్పక దిగిపోయే పల్లాలు తియ్యాలి. పల్లం వైపు తెరుచుకునే అర్ధచంద్రాకారంగా పదడుగుల పొడవు, మధ్యలో 15 శాతం దాకా వాలు. తీసిన మట్టిని దాని కింది పక్క పది ఇరవై అడుగుల మేర మెల్లని మిట్టగా పోసి దిమ్మిస చెయ్యాలి. అలా చేస్తే గుంట పూడినా నీళ్ళు ఆ మిట్ట ఎక్కలేక బయటికే పోతాయి. పాతకాలంలో అడ్డంగా దుంగ పాతేవారు. మట్టి పట్టి పూడటం, పక్కనుంచి తొక్కుడు, తడి దుంగ మీద చక్రం జారడం, ఈ మూడూ ప్రతి దుంగకీ ఖాయం. మా బాటలో ఉన్న దుంగలన్నీ పీకేశాం.

పల్లం పనిచెయ్యకపోతే కారణం దాదాపు ఎప్పుడూ నీళ్ళు బయటికి దిగే నోటి దగ్గరే. బాట మీద చక్కగా చెక్కి, పొదల్లోకి దిగే చోట రెండడుగులు వదిలేస్తారు. నీళ్ళు అక్కడ ఆగి ఒండ్రు వదిలి, ఒక్క చలికాలంలో పల్లాన్ని పూడ్చేస్తాయి. నోరు బాట కంటే వెడల్పుగా, కనీసం మరో నాలుగడుగుల దాకా తవ్వాలి. రెండో కారణం మిట్ట నిటారుగా పొయ్యడం. అది సైకిలుకి ఎగిరే దిమ్మ అవుతుంది, వేగం తగ్గాల్సిన చోటే పెరుగుతుంది. బాట 15 శాతం దాటిన చోట ఈ పల్లాలు నిలవవు. అందుకని ఆ 18 శాతం ముక్కకి వేరే మందు లేదు, పక్కన కొత్త దారి చెక్కడమే. బాట వెడల్పంతా కొండని కోసిన గట్టినేల మీదే ఉండాలి, సగం కోసి సగం నింపితే నింపిన సగం జారిపోతుంది. పాత ముక్కని ఊరికే వదలకూడదు. నేల గుల్ల చేసి, కాలవలో అడ్డంగా కొమ్మలూ రాళ్ళూ పేర్చి, రెండు చివర్లూ కంటికి కనబడకుండా పొదలతో కప్పాలి. కనబడితే జనం నడుస్తారు.

కొత్త దారి అనగానే కాగితాల పని మొదలవుతుంది. ఉన్న బాట మరమ్మతుకి రేంజరు అనుమతి, పని పథకం చాలు. కొత్త నేల తవ్వాలన్నా, సైకిళ్ళకి అనుమతి మార్చాలన్నా కాలిఫోర్నియా పర్యావరణ చట్టం కింద పరిశీలన ఉంటుంది. జీవశాస్త్రం తెలిసిన మనిషి వచ్చి చూస్తాడు. ఆకుపచ్చ సర్పెంటైన్ రాతినేల అయితే మరీ జాగ్రత్త, బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక బతికేది ఆ నేల మీది మొక్కల మీదే. ఇక్కడి ఆదివాసులైన ఓలోనీ ప్రజలు బండలో తొలిచిన రోళ్ళు కనబడితే ఆ పక్కకి దారి పోదు. మా కొత్త దారి గీత ఇలాంటి కారణంతోనే ఒకసారి పైకి జరిగింది. స్టేట్ పార్కుల్లో అయితే బాట వాడకం మార్పుకి ప్రత్యేక పద్ధతే ఉంది, 2013 నుంచి దానికి రాష్ట్రస్థాయి పర్యావరణ నివేదిక ఆసరా ఉంది. పెద్ద నష్టమేమీ లేదని తేల్చే నెగెటివ్ డిక్లరేషన్ అయితే కనీసం 20 రోజులు, పూర్తి నివేదిక అయితే మామూలుగా 45 రోజులు జనం అభిప్రాయాలు తీసుకుంటారు.

చివరికి తేల్చేది పార్కుని నడిపే బోర్డు. దాని మీటింగు అజెండా 72 గంటల ముందు బయట పెట్టాలన్నది బహిరంగ సమావేశాల బ్రౌన్ చట్టం నియమం. మాట్లాడేవాళ్ళకి సాధారణంగా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో సైకిలు ఆరోగ్యానికి మంచిదని చెప్పేవాళ్ళే ఎక్కువ. బోర్డు వాళ్ళు అది చాలాసార్లు విన్నారు. వాళ్ళకి కావలసింది వంద అడుగుల లెక్కన రాసిన కొలతల పట్టిక, వానకి ముందూ తర్వాతా ఒకే చోట తీసిన ఫొటోలు, ఏటా ఎన్ని గంటల శ్రమ ఎవరు పెడతారన్న లిఖితపూర్వక హామీ. ఉపన్యాసం మానేసి పట్టిక ఇవ్వండి.

మట్టి సంగతి తేలాక మిగిలేది వేగం. ఇక్కడ నడిచేవాళ్ళ మాటలో నిజముంది. గంటకి 15 మైళ్ళంటే సెకనుకి 22 అడుగులు. మనిషిని చూసి బ్రేకు నొక్కేలోపు సెకనున్నర అనుకుంటే 33 అడుగులు అప్పటికే అయిపోయాయి. వదులు మట్టి మీద ఆగడానికి మరో 25. మొత్తం 58 అడుగులు, అదీ సమనేల మీద. 10 శాతం దిగుడులో 70. గంటకి 10 మైళ్ళయితే సమనేల మీద 33 సరిపోతాయి. కాబట్టి ఎదర 30 అడుగులే కనిపించే మలుపు దగ్గర 15 మైళ్ళ బోర్డు పెట్టడం అర్థం లేని పని. మా కొలతల్లో కనబడే దూరం తక్కువగా ఉన్న మలుపులన్నీ జెండాలు పెట్టాం. పొద కొడితే విప్పుకునేవి విప్పాం. మిగిలిన చోట మలుపుకి ముందు, తిన్నని భాగంలో, రెండు పక్కలా పెద్ద రాళ్ళు మూడోవంతు దాకా పాతి దారిని ఇరుకు చేశాం. మలుపులోనే పెడితే తప్పించుకునే చోటుండదు, రాయి పైపైన పెడితే ఎవరో ఒకరు దొర్లించేస్తారు.

గుర్రాల వాళ్ళ భయం వేరు. సైకిలు చప్పుడు లేకుండా వెనకనుంచి వస్తుంది. గుర్రం వేటాడే జంతువనుకుంటుంది. నియమం ప్రకారం సైకిలు అందరికీ దారివ్వాలి, నడిచేవాళ్ళు గుర్రానికి ఇవ్వాలి. ఆచరణలో చెయ్యాల్సింది దిగి, పల్లం వైపు నిలబడి, నోరు విప్పి పలకరించడం. మనిషి గొంతు వింటే గుర్రం తేరుకుంటుంది. హ్యాండిల్‌కి గంట కట్టుకుంటే సగం గొడవలు అసలు పుట్టవు.

మధ్యేమార్గాలు మేం కనిపెట్టక్కర్లేదు. తాహో సరస్సు చుట్టూ తిరిగే తాహో రిమ్ ట్రెయిల్‌లో తాహో మెడోస్ వైపు ముక్క సరిసంఖ్య తేదీల్లోనే సైకిళ్ళకి. సాల్ట్ లేక్ సిటీ పక్క మిల్‌క్రీక్ కనుమ ఎగువ బాటల్లోనూ సరిసంఖ్య సైకిళ్ళకి, బేసి తేదీల్లో కుక్కల్ని గొలుసు విప్పి వదలొచ్చు. తేదీల పద్ధతి కాగితం మీద బాగుంటుంది కానీ తనిఖీ చేసే మనిషి లేని పార్కులో పనిచెయ్యదని నా అభిప్రాయం. నిటారు బాటకి ఒకవైపు నియమం మెరుగు. మేం అడిగిందీ అదే: సైకిళ్ళు ఎక్కడానికే, దిగడానికి పక్కనున్న వెడల్పు రోడ్డు. ఎక్కేటప్పుడు సైకిలు నడక కంటే పెద్ద వేగంగా ఏమీ పోదు, అందువల్ల పైన చెప్పిన ఆగే దూరాల గొడవ చాలావరకు పోతుంది. దిగడమే సరదా అనే కుర్రకారుకి ఇది రుచించలేదు. వాళ్ళ మాట తీసిపారెయ్యదగ్గది కూడా కాదు, దిగే బాట చట్టబద్ధంగా ఒక్కటీ లేని చోట రాత్రిళ్ళు దొంగబాటలు పుడతాయి. సోకెల్ స్టేట్ ఫారెస్టులో సైకిళ్ళ కోసమే మలుపులూ మిట్టలతో సాఫీగా దిగే ఫ్లో ట్రెయిల్ కట్టడం వెనక ఆలోచన అలాంటిదే. మా పార్కులో దానికి తగిన కొండ లేదు.

అనుమతి షరతులతో వచ్చింది. ఎక్కుడుకే సైకిలు. హెన్రీ కోలో లాగే అరంగుళం వాన పడితే 48 గంటలు సైకిళ్ళకి మూత. ఎలక్ట్రిక్ సైకిళ్ళ మాట ఇందులో లేదు. గంటకి 20 మైళ్ళ దాకా తోసే మోటారు ఉన్నప్పుడు ఎక్కుడు నెమ్మదన్న మా వాదనే నిలవదు, కాబట్టి దాన్ని కలపకపోవడమే మేలైంది. ఏటా అక్టోబరులో మొదటి వానకి ముందు ప్రతి పల్లం నోరూ తవ్వి, కనబడే దూరాలు మళ్ళీ కొలిచి పట్టిక పార్కు ఆఫీసుకి ఇవ్వాలి. పట్టిక అందకపోతే నవంబరు నుంచి ఎర్రగీత బోర్డు మళ్ళీ పెడతారు.